స్వాతి చుట్టాలు

కోయిలకుంట్లలో పప్పుల అంగడి వెంకటరమణయ్య గారి కోడలు అమూల్యకు ఒక జబ్బుంది. దానికి మందు ఆమె చదివిన బీఫార్మసీ పుస్తకాల్లో కూడా లేదు. ఏ సంగతైనా సగం తెలిస్తే మిగతా సగం తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు. ప్రొద్దుటూరులో వాళ్ళ నాయనమ్మ "దీన్ని పోలీసులు పట్టుకుపోయినా స్టేషన్ గుట్టంతా లాక్కుని ఇంటికొస్తుంది" అనేది. అట్లాంటి పిల్ల, పెళ్ళయిన నాలుగేళ్ళలో ఒక్క సంగతి మాత్రం తేల్చుకోలేకపోయింది. నెలనెలా స్వాతి నక్షత్రం నాడు మామ అహోబిలం వెళ్ళి సాయంత్రందాకా అక్కడేం చేస్తాడు?

నరసింహస్వామిది స్వాతి నక్షత్రం. ఆ రోజున కొండకు పోయేవాళ్ళు ఆ చుట్టుపక్కల వందలమంది. కానీ వాళ్ళంతా పెళ్ళాంబిడ్డల్ని వెంటబెట్టుకుని పోతారు. వెంకటరమణయ్య ఒక్కడే పోతాడు. పోయేటప్పుడు పదిమందికి సరిపడా పులిహోర కట్టించుకుంటాడు, వచ్చేటప్పుడు ఖాళీ గిన్నె తెస్తాడు. "నేనూ వస్తా మామా" అని అమూల్య రెండుసార్లు అడిగితే "ఒంటిగా పోవాలని మొక్కు తల్లీ" అన్నాడు. అత్త రాజ్యలక్ష్మమ్మను అడిగితే, పంచాంగంలోంచి తల ఎత్తకుండా "దేవుడి సంగతులు అట్ల గుచ్చి గుచ్చి అడగగూడదు" అంది.

రెండో వింత ఇంకొకటి. ఆ మామ తలనొప్పికి కూడా మాత్ర వేసుకోడు. "మీ మామకు మందులు పడవు" అనేది అత్త. ఏ మందు పడదత్తా అంటే ఏదీ పడదు. ప్రపంచంలో ఏ మందూ పడని మనిషంటూ ఉండడని చదువుకున్న పిల్లకు తెలుసు. అయినా కొత్త కోడలు కదా, నోరు కట్టుకుంది. నాలుగేళ్ళు నోరు కట్టుకోవడమంటే అమూల్యకు తపస్సు చేసినంత పని.

మొన్న మాఘమాసంలో వెంకటరమణయ్య అంగట్లో కందిపప్పు మూటల మీది నుంచి జారిపడి ఎడమ తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి మూటలెక్కడమేమిటని ఊరంతా తిట్టింది. కర్నూలులో ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. ఇంటికి పంపే ముందు ఆయన భార్యను, కొడుకు తేజేశ్వర్‌ను, కోడలిని అందరినీ బయటికి పంపి డాక్టరుతో అరగంట మాట్లాడాడు. తలుపుకు చెవి ఆనించాలన్న కోరికను అమూల్య ఎట్లా ఆపుకుందో ఆమెకే తెలియాలి.

అంబులెన్సు ఇంటికి చేరిన గంటకు నాగక్క వచ్చింది.

యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, కూలిపనికి పోయి పోయి ముందుకు వంగిన నడుము. చేతిలో వైరు సంచి. వెంకటరమణయ్య ఫోన్ చేస్తే ఆలూరు దగ్గర పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. వాకిట్లో ఎవరమ్మా నువ్వని అడుగుతుంటేనే చెప్పులు విడిచి, పడగ్గదిలోకి నేరుగా నడిచి, మంచం పక్కన నిలబడింది.

"యా కాలు శెట్టప్పా?"

"ఎడమది నాగక్కా."

"ఎన్ని బిళ్ళలు రాసిచ్చినాడు?"

"ముప్పై మూడు. దినానికి మూడు, పదకొండు దినాలు."

"సరే. ఇంగ నేనుండాలే" అని ఆమె కింద కూర్చుంది.

ఎట్లుండావు, ఎట్ల పడినావు అని ఒక్క మాట లేదు. కాలు విరిగిన మనిషిని చూడవచ్చి మాత్రలెన్ని అని అడిగే చుట్టాన్ని అమూల్య తన పుట్టుకలో చూడలేదు. రాజ్యలక్ష్మమ్మ చూసిందో లేదో తెలియదు కానీ, ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. శెట్ల ఇంటి మర్యాద ప్రకారం కాఫీ ఇచ్చింది, మొహం మాత్రం ఇవ్వలేదు.

నాగక్క సంచిలోంచి చిన్న తాళం తీసింది. తాళం పట్టే డబ్బా ఒకటి కావాలంటే రాజ్యలక్ష్మమ్మ కదల్లేదు. అమూల్యే తన గాజుల పెట్టె ఖాళీ చేసి తెచ్చింది. మాత్రల అట్టలన్నీ అందులో వేసి తాళం పెట్టారు.

"డబ్బా నీ బీరువాలో పెట్టుకో పాపా. తాళంచెవి నా మెడలో ఉంటాది. తెరిచేటప్పుడు శెట్టప్ప మేలుకోని ఉండల్ల, నువ్వుండల్ల, నేనుండల్ల. ముగ్గుర్లో ఒకరు లేకున్నా తెరిచేది లేదు. ఎవురేం చెప్పినా సరే."

"డబ్బా అత్త దగ్గరే ఉంచొచ్చు కదా?" అంది అమూల్య.

నాగక్క మంచం వైపు చూసింది. వెంకటరమణయ్య కళ్ళు మూసుకుని, "రాజ్యం చేతికి వద్దు" అన్నాడు.

రాజ్యలక్ష్మమ్మ గదిలోంచి వెళ్ళిపోయింది. నలభై రెండేళ్ళ కాపురం. ఇనప్పెట్టె తాళాలు ఆమె బొడ్లోనే ఉంటాయి. అట్లాంటి మనిషికి, ఆలూరు నుంచి వచ్చిన కూలామె ముందర, పదకొండు రోజుల మాత్రలు దాచే అర్హత లేదని మొగుడే చెప్పాడు. ఆ పూట వంటింట్లో గిన్నెలు ఊరికే చప్పుడు చేశాయి.

బీరువా దగ్గర అమూల్య మాత్ర పేరు గుర్తుచేసుకుంది. కాలేజీలో ఆ పాఠం బాగా చదివింది. అది నల్లమందు వంశంలో పుట్టిన మందు. నొప్పికి మహారాజు, అలవాటైతే యముడు. నాలుగేళ్ళ నుంచి తేలని లెక్కలో సగం ఒక్కసారిగా తేలిపోయింది. ఇక మిగతా సగం కోసం ఆమె ప్రాణం కొట్టుకోవడం మొదలైంది.

నాగక్క ఊరికే కూర్చోలేని మనిషి. పెరట్లో సంవత్సరానికి సరిపడా చింతపండు కుప్పపోసి ఉంటే, మధ్యాహ్నం కాగానే ముందరేసుకుని గింజలు కొట్టడం మొదలుపెట్టింది. అమూల్య పక్కన చేరింది. ఆమె తీసిన గింజలకంటే లాగిన కూపీ ఎక్కువ.

"నువ్వు మా మామకు ఏమవుతావు నాగక్కా?"

"స్వాతి చుట్టాన్ని."

"అంటే?"

"శెట్టప్ప కత శెట్టప్పే చెప్పల్ల. అది నేను చెప్పేది కాదు. నాదైతే చెప్తా, ఇంటావా?"

వినకేం! అమూల్య రాయి కింద పెట్టేసింది.

నాగక్క వాళ్ళది వానను నమ్ముకున్న నాలుగెకరాలు. వాన ఎగ్గొట్టిన ఏడు ఆ ఊరి జనమంతా సుగ్గికి పోతారు, అంటే మూటాముల్లె కట్టుకుని గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు వలస. అట్లా ఆమె కూడా మొగుడు, కూతురితో పోయింది.

"పొద్దున ఆరు నుంచి పొద్దు మునిగేదంకా వంగిన నడుము వంగినట్లే. ఆడ మేస్త్రి పెండ్లాము టీతోపాటు ఒగ బిళ్ళ ఇచ్చె. ఒగటి ఏస్తే నడుము ఉన్నట్టే తెలీదు. రెండేస్తే నేనున్నట్టే తెలీదు. అందరికంటే ఎక్కువ కోస్తి ఆ ఏడు. మంచి కూలామె అని పేరొచ్చె. ఊరికొచ్చినాంక కోసేదానికి మిరపకాయల్లేవు గాని బిళ్ళ కావల్ల. మూడేండ్లకు దినానికి పన్నెండు మింగుతాంటి."

"ఎవరూ ఆపలేదా?"

"పని చేస్తాండే మనిషిని ఎవురు ఆపుతారు పాపా?" అని నాగక్క కాసేపు గింజలు కొట్టింది. "నా కూతురు శివజ్యోతి. అప్పుడు దానికి ఆరేండ్లు. చెవి పోటని ఒగటే ఏడుపు. నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్లుండె, ఆ ఏడుపు ఇనలేకపోతి. నా బిళ్ళలో సగం ఇరిచి దానికేస్తి. నిద్రపోతాదిలే అనుకుంటి. నిద్రపోయె. ఆ పొద్దు లేయలే. మర్సనాడూ లేయలే."

"అమ్మాయి..."

"బతికె. మా వదిన ఎత్తుకోని ఆటోలో ఆసుపత్రికి ఉరికె. ఎత్తుకోనేదానికి నా చేతులు అప్పుడు పని చెయ్యలే." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. ఆ మాటలు చాలాసార్లు చెప్పి చెప్పి వాటి దారి వాటికి అలవాటైనట్లుంది. "ఇప్పుడు ఆదోనిలో ఇంటర్ చదువుతాంది. ఆరేండ్లు నన్ను అమ్మా అన్లే. ఇప్పుడంటాంది."

ఆ తర్వాత మొగుడి అన్నదమ్ములు ఆమెను ఇంట్లోంచి తరిమారు. వదినే కర్నూలు పెద్దాసుపత్రిలో ఇట్లాంటి అలవాట్లు మాన్పించే వార్డులో చేర్పించింది. అక్కడ రోజూ గుండ్రంగా కూర్చుని ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ గుండ్రంలో ఎదురుగా ఒక శెట్టి కూర్చునేవాడు. నెల తర్వాత ఎవరి ఊరికి వాళ్ళు పోయేటప్పుడు ఆ గుండ్రంలోని ఆరుగురికి ఒకటే భయం పట్టుకుంది. ఊళ్ళో ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి? మళ్ళీ కలవాలంటే ఇంట్లో ఏం చెప్పి రావాలి? అప్పుడు ఆ శెట్టే ఉపాయం చెప్పాడు. మా ఇంట్లో స్వాతికి అహోబిలం పోతానంటే ఎందుకని అడిగేవాళ్ళుండరు అన్నాడు.

"దిగువ అహోబిలంలో ఒగ సత్రం వసారాలో కూసుంటాము. ఇప్పుడు తొమ్మిది మందిమి. ఆ నెల ఎట్ల గడిసిందో దాసకుండా చెప్పల్ల. ఇనేవాళ్ళు బుద్ధులు చెప్పగూడదు. ఇనల్ల, అంతే. నాకు నూట నలభై రెండు స్వాతులాయ, శెట్టప్పకు గూడ అన్నే."

"మరి దేవుణ్ణి చూడరా?"

"చూస్తాము, పది నిమిషాలు. మా సంగతి ఆయప్ప ఎరుగు."

"పదేళ్ళు దాటింది కదక్కా. ఇంకా ఎందుకు కలవడం?"

"ఈ ఏడు కలుపు తీస్తే వచ్చే ఏడు చేన్లో కలుపు రాదా?" అని నాగక్క చింతపండు గంప దగ్గరికి లాక్కుంది.

సాయంత్రం మాత్ర ఇచ్చేటప్పుడు వెంకటరమణయ్యే నోరు విప్పాడు. కోడలు పెరట్లో ఏం విని వచ్చిందో ఆమె మొహం చూడగానే ఆయనకు తెలిసిపోయింది. పద్నాలుగేళ్ళ కిందట మూత్రపిండాల్లో రాయి, ఆ నొప్పికి సూదిమందు. "రాయి పడిపోయింది తల్లీ. సూది పడిపోలేదు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. రాజ్యలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి వింటూ, ఆ మాట దగ్గర వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోవడం కూడా అమూల్య ఆరా తీయవలసిన వాటిలో చేరింది.

నాలుగో రోజున ఇంకో తమాషా జరిగింది. మామ మాత్ర వేసుకుని నీళ్ళు తాగాడు. అమూల్య డబ్బా మూసింది. నాగక్క మాత్రం కదలకుండా, "నోరు తెరువు శెట్టప్పా" అంది.

"మింగినా నాగక్కా."

"నాలిక ఎత్తు."

నాలుక కింద మాత్ర భద్రంగా ఉంది. దాచుకుని సాయంత్రంది కలిపి రెండూ ఒకేసారి వేసుకోవాలని ఎత్తు. ఊరందరి తూకంలో ఒక్క గింజ తేడా రానివ్వని మనిషి, దొరికిపోయిన బడిపిల్లవాడిలా చూశాడు.

"ఎట్లా కనుక్కున్నావక్కా?" అంది అమూల్య.

"పాము కాళ్ళు పాముకెరుక. మీరు ఇంట్లోవాళ్ళు ఆయప్ప మొగం చూస్తారు. నేను ఆయప్ప గొంతు చూస్తా. నీళ్ళు మాత్రమే దిగె."

ఆ సాయంత్రం అమూల్య మజ్జిగ తీసుకుని గది దగ్గరికి వస్తే లోపల నవ్వులు. మామ అట్లా పగలబడి నవ్వడం ఆమె నాలుగేళ్ళలో వినలేదు. సూదిమందు సీసాలు అంగట్లో ఇంగువ డబ్బాలో దాచిన సంగతి ఆయన చెబుతున్నాడు. ఆ వాసనకు ఎవరూ మూత తీయరని ధైర్యమట. ఒకనాడు పురోహితుడికి అందులోంచే ఇంగువ కట్టిచ్చారట, సీసాతో సహా. "ఆయన దాన్ని గంగాజలమనుకోని పూజలో పెట్టినాడు నాగక్కా!" నాగక్క కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

ఇంత ఘోరం తలుచుకుని నవ్వెట్లా వస్తుందని అమూల్య అడిగింది. "ఏడ్చేదంతా అయిపాయ పాపా, ఇంగ నవ్వేదే మిగిలుండాది" అంది నాగక్క కళ్ళు తుడుచుకుంటూ. వసారాలో రాజ్యలక్ష్మమ్మ వత్తులు చేసుకుంటూ కూర్చుని ఉంది. ఆ నవ్వు వినబడినంతసేపూ ఆమె చేతిలోని పత్తి వత్తి కాలేదు. అమూల్యకు అత్త మీద మొదటిసారి జాలి వేసింది. నలభై రెండేళ్ళు కలిసి కాపురం చేసిన మనిషికి దొరకని నవ్వు అది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగింది. తేజేశ్వర్ అంగడికి పోయాడు. అత్త ముందరింట్లో నడుం వాల్చింది. అమూల్య బట్టలు మడతపెడుతుంటే నాగక్క వచ్చింది.

"పాపా, శెట్టప్పకు నొప్పి శానా ఉండాది. డబ్బా బిన్నా తే."

అమూల్య బీరువా తెరిచి డబ్బా తీసుకుని గబగబా నడిచింది. గది గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోయింది. మామ సన్నగా గురకపెట్టి నిద్రపోతున్నాడు.

"నిద్రపోతున్నాడు కదక్కా?"

"లేపి ఇస్తాలే. డబ్బా నాకిచ్చి నువ్వు పని జూసుకో పో."

తాళంచెవి అప్పటికే మెడలోంచి నాగక్క వేళ్ళ మధ్యకు వచ్చి ఉంది. ఆమె అమూల్య మొహం చూడటం లేదు, డబ్బాను చూస్తోంది. ముగ్గుర్లో ఒకరు లేకున్నా తెరవకూడదన్న కట్టుబాటు మామ కోసం పెట్టిందని అమూల్య ఎనిమిది రోజులుగా అనుకుంటూ వచ్చింది. అది నాగక్క తన కోసం కూడా పెట్టుకున్నదని అప్పుడు తెలిసింది. నూట నలభై రెండు స్వాతులు దాటిన మనిషి, తనను ముంచిన మందునే దినానికి మూడుసార్లు ముట్టుకుంటూ, ఇంకొకరి నోటికి అందిస్తూ కూర్చుంది. అది ఎంత కష్టమో, అన్నీ అడిగే అమూల్య ఒక్కసారైనా అడగలేదు. ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

డబ్బాను రొమ్ముకు గట్టిగా హత్తుకుని, "మామా!" అని కేక వేసింది.

వెంకటరమణయ్య ఉలిక్కిపడి లేచాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. ఆయనకు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"నాగక్కా, చెవి మంచం మీద పెట్టు" అన్నాడు మెల్లగా.

ఆమె పెట్టింది. పెట్టి గోడకు ఆనుకుని కూలబడింది. "ఏం కారణం లేదు శెట్టప్పా. కారణముంటే బాగుండు. ఆ అట్ట చిట్లే సప్పుడు. దినానికి మూడుతూర్లు. పొద్దున్నుంచి అదే చెవిలో ఉండాది."

"ఎన్ని ఉన్నాయి తల్లీ?" అని ఆయన కోడలిని అడిగాడు.

"పది."

"పారబొయ్యి."

"నీ కాలు ఎట్ల శెట్టప్పా?" అంది నాగక్క. "ఇంగా మూడు దినాలుండాది. ఆ నొప్పి..."

"డాక్టరుకు ఫోన్ చేసి మామూలు మాత్రలు అడుగుతాది పాప. నొప్పి ఉంటే అరుస్తా. ఇంట్లో నేను అరిస్తే ఎవరూ చచ్చిపోరు. ఆ డబ్బా ఇంట్లో ఉంటే నువ్వు పోతావు."

అమూల్య పది మాత్రలూ చిట్లించి, నూరి, వాడిన టీపొడిలో కలిపి పారేసింది. కాలేజీలో నేర్పిన పద్ధతి అది. డాక్టరుతో మాట్లాడి, వేరే మాత్రల పేర్లు రాసుకుని తిరిగి వచ్చేసరికి నాగక్క చెప్పులు వేసుకుంటోంది. వైరు సంచి భుజాన ఉంది.

"ఎక్కడికక్కా?"

"ఊరికి. అడిగినదాన్ని. ఇంగ ఈడ ఏ మొగం పెట్టుకోని ఉండేది?"

"తీసుకోలేదు కదా! ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు గదా పాపా."

లోపలి నుంచి వెంకటరమణయ్య గొంతు చించుకున్నాడు. "ఆమెను పోనియ్యొద్దు తల్లీ! ఈ పూట ఒంటిగా బస్టాండుకు పోతే, ఆడ వరసగా మందుల అంగళ్ళే. ఇంగ ఆమె మనకు దొరకదు!" లేవబోయినట్లున్నాడు, మంచం కిర్రుమంది, వెంటనే పెద్ద మూలుగు.

అమూల్య సంచి పట్టుకుని లాగింది. నాగక్కది మూటలు మోసిన చెయ్యి, ఒక్క విదిలింపుతో వదిలించుకుంది. వాకిట్లోకి వచ్చేసరికి రాజ్యలక్ష్మమ్మ గడపకు అడ్డంగా నిలబడి ఉంది. ఎనిమిది రోజులుగా ఈ మనిషి ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసింది ఆమే కాబట్టి, తప్పుకుంటుందనే అమూల్య అనుకుంది.

"యాడికి?" అంది రాజ్యలక్ష్మమ్మ.

"ఊరికమ్మా. అడగగూడనిది అడిగినా."

"నువ్వు అడిగినావు, ఆ పిల్ల ఇయ్యలేదు. అంతే గదా జరిగింది?" అంది ఆమె. "నేను ఆయన అడగకుండానే ఇచ్చినదాన్ని. మరి నేను యాడికి పోవల్ల?"

నాగక్క ఆగింది.

"కాంపౌండరు దినానికి రెండుతూర్లు ఇంటికి వస్తాంటే వీధిలో అడగబట్టిరి, శెట్టి గారింట్లో ఏం జబ్బని. పరువు పోతుందని నేనే సూది నేర్చుకున్నా. చీనీకాయకు గుచ్చి గుచ్చి నేర్చుకున్నా. రెండేండ్లు నా చేత్తోనే ఏసినా. అరుస్తే పక్కింటికి వినపడుతుందని ఎక్కువ కూడా ఏసినా." ఆమె తలుపు పట్టుకుంది. "ఒగనాడు ఇంట్లో వ్రతం. చుట్టాలందరూ వస్తాండారు. ఆయన నిద్రలోనే ఉండాడు. నడుమ లేస్తాడేమో, అందరి ముందర అరుస్తాడేమో అని నిద్రలోనే ఇంకోటి ఏసినా. పెదాలు నల్లబడిపోయె. ఊపిరి ఆగిపోయె. ఆసుపత్రిలో ఫిట్స్ అని చెప్పినా. ఇంతవరకు ఆయనకూ అదే చెప్పినా. ఆయన మాత్రం, తాను చేసిన పాపమే తనను ఆ పొద్దు పడగొట్టిందని అనుకోని, అప్పట్నుంచి దేవుణ్ణి, మిమ్మల్ని పట్టుకోని మానుకున్నాడు."

లోపలి గదిలో మూలుగు ఆగిపోయింది. మధ్య తలుపు బార్లా తెరిచే ఉంది.

నాగక్క సంచి కింద పెట్టింది. ఇందులో నీ తప్పేముందమ్మా అనలేదు. దేవుడున్నాడులే అనలేదు. దగ్గరికి వచ్చి, "ఎవురికన్నా చెప్తివా ఇది?" అని అడిగింది.

"ఎవరికి చెప్పేది?"

"పదకొండేండ్లు ఒగదానివే మోసినావా?"

రాజ్యలక్ష్మమ్మ ఏడ్చింది. ఇనప్పెట్టె తాళాలు బొడ్లో గలగలమంటుండగా, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. అమూల్య నాలుగేళ్ళుగా వెతికిన మిగతా సగం అదే. దొరికాక, వెతకకుండా ఉంటే బాగుండేదేమోనని ఆ పిల్లకు మొదటిసారి అనిపించింది. ఆ తలపు మాత్రం నిలవలేదు, ఎందుకంటే గదిలోంచి పిలుపు వినబడింది.

"రాజ్యం."

కోపమా, కన్నీళ్ళా, ఆ గొంతులో ఏముందో ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు.

"రాజ్యం, ఇట్లా రా."

రాజ్యలక్ష్మమ్మ తలుపు వదల్లేదు. "నేను పోలేను" అంది నాగక్కతో. "ఆయన మొగం చూడలేను. నావల్ల కాదు."

"ఒంటిగా ఎవురు పొమ్మన్యారమ్మా?" అని నాగక్క చెప్పులు విడిచింది. "నేనూ వస్తా, పా."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లోపలికి వెళ్ళారు.